రేకు మాట, వదిన మాట

మొన్న అటక దులుపుతూ మా పనిమనిషి ఒక రేకు ముక్క తెచ్చి నా చేతిలో పెట్టింది. "అమ్మా, ఇది తుప్పట్టిపోనాది. పాత ఇనపోడికి ఏసీమంటావా?" అని అడిగింది. జానెడుకు కాస్త తక్కువ పొడవు, ఒక కొస పైకి వంచి ఉంది, అంచు పొడవునా ఆకురాయితో రాసిన గాట్లు. బొటనవేలు ఆనగానే అదేమిటో తెలిసింది. ఉంచమన్నాను. "దేనికమ్మా ఇది?" అంది. డబ్బు చూడ్డానికన్నాను. ఆ పిల్ల కిసుక్కున నవ్వి చీపురు పట్టుకుని వెళ్ళిపోయింది. నవ్వడంలో తప్పులేదు. నాకు తొమ్మిదో ఏట తట్టు పోసి రెండు కళ్ళూ పోయాయి. డబ్బు చూడ్డమేమిటి, అన్నం చూడ్డమైనా నాకు వేళ్ళతోనే. ఇది జాలి కోసం చెప్పడం లేదు. ఈ సంగతి ముందే చెప్పకపోతే మిగతాది ఎవరికీ అర్థం కాదని చెబుతున్నాను.

ఇప్పుడు నోట్ల మీద గుడ్డివాళ్ళ కోసమని ఉబ్బెత్తు గీతలు వేస్తున్నారు. బ్యాంకులో ఒకమ్మాయి ఎంతో మర్యాదగా నా వేలు పట్టుకుని అంచు మీద ఆనించి, "ఇదిగో ఇక్కడ గీతలున్నాయి, చూడండి మేడమ్" అంది. చూడండట! సరే, చూశాను. బ్యాంకులోంచి అప్పుడే వచ్చిన నోటు మీద గీతలు బాగానే ఉన్నాయి. అదే నోటు నాలుగు రోజులు చేపల బజారులో తిరిగి, తడిసి, నలిగి, ఎవరి రవికెలోనో చెమట పట్టి నా దగ్గరకొచ్చేసరికి గీత ఎక్కడో, ముడత ఎక్కడో దేవుడికే తెలియాలి. పైగా ఈ చిన్న సైజు నోట్లొచ్చాక ఒకదానికీ ఇంకోదానికీ పొడవులో తేడా గోరంత. మా రోజుల్లో అలా కాదు. రూపాయి నోటు అందరిలోకీ పొట్టిది. దానికంటే రెండు, రెండుకంటే ఐదు, ఐదుకంటే పది, పదికంటే ఇరవై, మెట్లు మెట్లుగా పొడవు పెరిగేది. యాభై, వంద మిగతావాటికంటే వెడల్పు. ఆ రెంటికీ వెడల్పు ఒకటే, పొడవులో మాత్రం వంద చిటికెనవేలి మందాన ఎక్కువ. ఈ లెక్క మీద నా జీవితం ఎటు తిరిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మేము తగరపువలస దగ్గరి పల్లె వాళ్ళం. పొలం చాలక మా అయ్య హార్బరులో కళాసీ పనికొచ్చి, పాత ఊళ్ళో సాయిబుల వీధిలో రెండు గదుల పెంకుటిల్లు అద్దెకు తీసుకున్నాడు. ఆ ఇంటిని నేను కళ్ళతో చూడలేదు. నాకు తెలిసిందల్లా దాని వాసన. తూర్పుగాలి తిరిగితే ఉప్పువాసన, ఎండుచేపల వాసన. గాలి రేవు వైపు నుంచి తిరిగితే ఓడల్లోకి ఎత్తే ఇనుపరాయి ధూళి. ఆరేసిన చీర తీసి మడతపెడితే చేతులు గరగరలాడేవి. ఎర్రగా పట్టేస్తుందని అన్నయ్య భార్య, మా వదిన, తిట్టుకునేది. రేవు కూత వినపడగానే పొయ్యి మీంచి చోడంబలి దించేవాళ్ళు. కాసేపటికి అయ్య వచ్చి గోలెం దగ్గర కూర్చుని ఒంటి మీద దుమ్ము వదిలేదాకా నీళ్ళు పోసుకునేవాడు. ఆ నీళ్ళ చప్పుడు ఎన్ని చెంబులో నేను లెక్కపెట్టేదాన్ని. అయ్యకు అక్షరం ముక్క రాదు. నోటు మీద బొమ్మను బట్టి చెప్పేవాడు, పులిది రెండు, నెమళ్ళది పది అని. "మనిద్దరం ఒకటేనే పిల్లా, నాకు సదువు నేదు, నీకు సూపు నేదు" అనేవాడు. అమ్మ నేను పుట్టిన ఏడాదికే పోయింది. అయ్య కూడా పోయాక ఇంట్లో మిగిలింది లారీ తోలే అన్నయ్య, నరసమ్మ వదిన, వాళ్ళ పిల్లాడు, నేను.

నేను గుడ్డిపిల్లల బడిలో చుక్కల అక్షరాలు నేర్చుకుని, టెలిఫోను పని నేర్చుకుని, ఓడల ఏజెంటు ఆఫీసులో ఆపరేటరుగా చేరాను. మా వీధిలో జీతం తెచ్చిన మొదటి ఆడదాన్ని నేనే, ఆ గీర నాకు బాగానే ఉండేది. అయితే ఏం లాభం? ఆఫీసులో కవరు చేతికిచ్చిన దగ్గర్నుంచీ నా నోట్లో ఒకటే మాట. ఇదెంత? రిక్షావాణ్ణి అడగాలి ఇదెంత, కిళ్ళీ కొట్టువాణ్ణి అడగాలి ఇదెంత. అడిగినప్పుడల్లా అవతలివాడి గొంతులో ఒక చిన్న ఆలస్యం వినపడేది. నిజం చెప్పాలా వద్దా అని వాడు ఆలోచించుకునే ఆలస్యం. ఒకసారి రిక్షావాడికి రెండు రూపాయలనుకుని పది ఇచ్చాను. వాడు చప్పుడు చెయ్యకుండా బండి తిప్పుకుని పోయాడు. సంగతి తెలిసి వదిన చంకలో పిల్లాణ్ణి వేసుకుని మెయిన్‌రోడ్డు దాకా పరిగెత్తింది. వాడు దొరకలేదు. వగరుస్తూ వచ్చి, "ఓలమ్మా, ఎదవ సచ్చినోడు, కళ్ళు నేని పిల్ల దగ్గర తింతాడా!" అని వీధంతా వినేలా శాపనార్థాలు పెట్టింది. నాకు పోయిన డబ్బుకంటే ఆ 'కళ్ళు నేని పిల్ల' అన్న మాటే ఎక్కువ గుచ్చుకుంది.

జీతం రోజున వదిన నన్ను గడప మీద కూర్చోబెట్టి, పక్కన తను కూర్చుని, ఒక్కో నోటూ నా చేతిలో పెట్టి చెప్పేది. చెవి దగ్గర నోరు పెట్టి మెల్లిగా, "ఇది పది. ఇదీ పదే. ఇది అయిదు, కొసన సిరిగింది, ముందు దీన్ని మార్సీ" అని చెప్పేది. తలకు రాసుకున్న ఆముదం వాసన, నోట్లో వక్క వాసన. ఆవిడ ఎప్పుడూ ఒక్క పైసా తప్పు చెప్పలేదు. అది నాకు తెలుసు. తెలిసి కూడా, ప్రతి నెలా నా చేతిలో ఉన్నదేమిటో నాకు ఇంకొకరు చెప్పాలా అని లోపల రగిలిపోయేదాన్ని. ఇరవై నాలుగేళ్ళ వయసు, ఇంగ్లీషులో ఫోన్లు కలిపే ఉద్యోగం, నా డబ్బు నాకు తెలియాలి, ఎవరినీ అడక్కుండా. అప్పట్లో నాకు కావలసింది ఇంతే. పెళ్ళి అన్న మాట నా దగ్గర ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మా పక్కింట్లో ఖాదర్ మామ అని దర్జీ ఉండేవాడు. అప్పటికే ఆయనకు శుక్లాలు ముదిరి, సూదిలో దారం ఎక్కించడానికి మనవరాలిని పిలుచుకుంటూ ఉండేవాడు. నా మంట అర్థమైంది ఆయనొక్కడికే. "నాకూ అంతే బేటీ, ఎవల్నో ఒకల్ని బతిమాలుకోవాల" అన్నాడు ఒకనాడు. తర్వాత టేపు తీసి నా దగ్గరున్న నోట్లు ఒక్కొక్కటీ కొలిచాడు. "అరే, ఇయన్నీ సైజులే కదా! బట్టకి కొలతుంటే సాలు, కళ్ళెందుకు?" అని తనలో తనే నవ్వుకున్నాడు. బిస్కెట్ల డబ్బా రేకు కత్తిరించి, కొస వంచి, నోటు అంచు ఆ వంపుకి ఆనించి పరిస్తే రెండో అంచు ఎక్కడికొస్తే అక్కడ గాటు పెట్టాడు. ఒక గాటు రూపాయి, రెండు గాట్లు రెండు రూపాయలు, అలాగ. రేకు వెడల్పు సరిగ్గా చిన్న నోట్ల వెడల్పే. నోటు పక్కకి దాటి వస్తే యాభయ్యో వందో అన్నమాట. డబ్బులిస్తే పుచ్చుకోలేదు. "కుట్టు కూలి పుచ్చుకుంటాను గాని కొలతకి కూలేటి?" అన్నాడు.

ఆ నెల జీతం రోజున నేను గడప మీద కూర్చోలేదు. గదిలో తలుపు వేసుకుని రేకు ముందు పెట్టుకుని నా డబ్బు నేనే చూసుకున్నాను. పది. పది. ఐదు. ఆ ఆనందం ఎలాంటిదో కళ్ళున్నవాళ్ళకు ఎంత చెప్పినా తెలియదు. తలుపు అవతల వదిన గాజుల చప్పుడు కాసేపు ఆగి, వంటింట్లోకి పోయింది. తరవాత భోజనం దగ్గర, "సరిగ్గా ఉన్నాయేటి?" అని అడిగింది. "ఉంటాయి, ఎందుకుండవు?" అన్నాను. అప్పుడైనా తలకెక్కవలసింది, ఆవిడకు ఆ గడప మీద గంటసేపే నాతో తీరిగ్గా కూర్చునే వేళ అని. నాకూ అంతేనని మాత్రం చాలా కాలానికి గానీ తెలియలేదు.

సొంతంగా ఒక రేడియో కొనుక్కోవాలని రెండు మూడు నెలలకోసారి ఒక వంద నోటు పక్కన పెట్టేదాన్ని. చుక్కల అక్షరాల పుస్తకాలు దిండంత లావు. వాటి పేజీల మధ్య దాచేదాన్ని. కొత్త నోట్లే ఎంచి దాచేదాన్ని, ఫెళఫెళలాడేవి. ఆ ఏడు కార్తీకంలో తుపాను పట్టి మూడు రోజులు వాన ఆగలేదు. నేను ఆఫీసులోనే చిక్కుకుపోయాను. నాలుగో రోజు ఇంటికొచ్చి పెట్టె తెరిస్తే పుస్తకం చెమ్మగా ఉంది. నోట్లు తీసి రేకు మీద పరిచాను. అన్నీ వందలే, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ మెత్తగా, పాతగుడ్డలా ఉంది, మధ్యలో అతుకు చేతికి తగిలింది. రేకుకి ఆనించాను. వెడల్పు సరిపోయింది, పొడవు మాత్రం వంద గాటు దాకా రాలేదు. యాభై దగ్గర ఆగింది. మూడుసార్లు ఆనించాను. మూడుసార్లూ యాభయ్యే.

వంటింట్లోకి వెళ్ళి నోటు వదిన ముందుకి చాపాను. నా వంద తీసి అతుకుల యాభై పెట్టావా అని అడిగాను. అడగడం కాదు, అరిచాను. 

"అయ్యో, అది వందేనమ్మా! పుస్తకం తడిసిపోతే ఆరబెట్టేను. అంటుకుపోయి ఊడదీస్తంటే సిరిగిపోనాది. మెతుకులెట్టి అతికించేను. నువ్వు బాధపడతావని సెప్పనేదు" అంది వదిన. 

"బాగా అల్లినావు. గుడ్డిది కదా, ఏది ఎడితే అదే వంద అనుకుంటాదని!"

"నా కళ్ళు నీయి కావేటే పిల్లా? వందే, ఒట్టు. అప్పన్న సాచ్చిగా వందే."

"నీ కళ్ళు నాకొద్దు. రేకు అబద్ధం సెప్పదు. ఇకమీద నా సేతిలో ఏటి ఎట్టినా ఎంతో సెప్పకు. నోరిప్పకు. నాను తెలుసుకుంటాను."

వదిన ఏడవలేదు. పొయ్యిలో కట్టె లాగేసిన చప్పుడు వినపడింది, అంతే. పిల్లాడు మాత్రం భయపడి ఏడిచాడు. అన్నయ్య వచ్చి విని పిల్లాణ్ణెత్తుకుని బయటికి పోయాడు. ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులవి, అన్నయ్య లారీల షెడ్డు పెందుర్తికి మారి అప్పటికే ఆర్నెల్లయింది, రోజూ అంత దూరం తిరుగుతున్నాడు. నన్ను ఒంటరిగా వదల్లేక ఆగారని నాకు తెలుసు. నెల తిరక్కుండా సామాను లారీలోకి ఎక్కించారు. "నువ్వూ రా" అన్నాడు అన్నయ్య. నాకు ఆఫీసు దూరమవుతుందన్నాను. వదిన పిల్లాణ్ణెత్తుకుని, "పప్పు గూట్లో ఎట్టేను, ఉప్పు కుడిపక్క" అని చెప్పి వెళ్ళిపోయింది.

తర్వాత ఆ ఇంట్లో ఎంత చప్పుడు తగ్గిందో చెప్పలేను. నేను లేచి కదిలితే తప్ప ఏదీ కదిలేది కాదు. అంబలి కాచడం మానేశాను, ఒక్కదాని కోసం ఏం కాస్తాం? ఆఫీసులో పొద్దస్తమానం ఎవరెవరి గొంతులో కలిపేదాన్ని, ఇంటికొచ్చాక నాతో మాట్లాడే గొంతు లేదు. జీతం రోజున రేకు తీసి నోట్లు చూసుకుంటే పది పదే, ఐదు ఐదే. నేను కోరుకున్నదంతా నా చేతిలోనే ఉంది. ఏడుపొచ్చేది. ఏడుస్తూనే, తప్పు వదినదేనని నాకు నేను నచ్చజెప్పుకునేదాన్ని. ఆ అతుకు నోటు మాత్రం ఖర్చుపెట్టలేదు. సాక్ష్యంగా దాచాను, ఎంత మూర్ఖురాలినో చూడండి.

నాలుగైదు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం ఖాదర్ మామ దగ్గర కూర్చుని, నీ రేకు బంగారం మామా, ఇంటిదొంగను పట్టించింది అన్నాను. ఆయన మిషను ఆపేశాడు. నోటూ రేకూ తెమ్మన్నాడు. కిటికీ దగ్గరకు పోయి, కంటికి ఆనించుకుని చూసి ఉంటాడు, ఆపైన రేకు చప్పుడైంది.

"బేటీ, ఇది నూరే."

"రేకు మీద ఆనించి సూడు మామా."

"ఆనించేను. యాభై అంతే ఉన్నాది. గాని నూరే. నూరని రాసున్నాది." ఆయన నా వేలు పట్టుకుని అతుకు మీద అటూ ఇటూ నడిపించాడు. ఒక ముక్క మీద ఇంకో ముక్క ఎక్కి, సరిగ్గా చిటికెనవేలంత మందాన అంటుకుని ఉంది. "కుట్టేసినపుడు బట్ట లోపలికి పోతాది కదా. ఏలెడు కుట్టుకి ఏలెడు బట్ట తగ్గుతాది. అతుకూ అంతే. యాభయ్యేళ్ళు మిషను తొక్కినాను, నీకు కొలత నేర్పినాను గాని కుట్టు బట్టని తింటాదని సెప్పనేదు. తప్పు నాది, అల్లా." తప్పు ఆయనది కాదు. వదిన చెప్పింది, ఒట్టేసి చెప్పింది. మనిషి మాట తోసేసి రేకు మాట నమ్మింది నేను.

ఆ ఆదివారమే పెందుర్తి బస్సెక్కాను. సింహాచలం దాటేదాకా ఏం చెప్పాలో కూడబలుక్కుంటూనే ఉన్నాను. వదిన వాకిట్లో ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. "సిక్కిపోనావు" అంది. చేపల పులుసు వండింది. "వదినా, ఆ నోటు..." అని మొదలెట్టాను. "తిను ముందు, సల్లారిపోతాది" అంది. మళ్ళీ మొదలెట్టాను. పిల్లాడేదో తెచ్చి చూపిస్తే ఆవిడ వాడితో మాట్లాడింది. మూడోసారి నాకు నోరు రాలేదు. నా నోరు ఎంత పెద్దదంటే, తిట్టడానికి తెరుచుకుంటుంది గానీ ఇలాంటి వాటికి తెరుచుకోదు. బస్సు దగ్గర వదిన నా పిడికిలి విప్పి దార్లో ఖర్చులకని ఒక నోటు పెట్టి, వేళ్ళు మూసింది. ఎంతో చెప్పలేదు. చెబుతుందేమోనని చెవి అటు వంచి ఆగాను. "జాగ్రత్తగా ఎల్లు" అంది.

ఆ తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా ఆవిడ అలాగే పెట్టింది. పండక్కి చీర డబ్బులు, అన్నయ్య పోయినప్పుడు ఆయన దాచిన దాంట్లో నా వాటా, మేనల్లుడి పెళ్ళిలో ఆడపడుచు కట్నం, అన్నీ చేతిలో పెట్టి వేళ్ళు మూసేది, నోరు విప్పేది కాదు. నన్ను క్షమించలేదనుకున్నాను. క్షమించకపోవడం ఆవిడ హక్కే అనుకుని సర్దుకున్నాను. కొత్త సైజు నోట్లొచ్చాక నాకు ఏది ఏదో సరిగ్గా అందేది కాదు. అయినా వదిన ముందు తెలిసినట్టే తలాడించి, ఇంటికొచ్చి పనిపిల్లను అడిగి తెలుసుకునేదాన్ని.

పోయిన మాసం వదిన పోయింది. పెద్దకర్మ అయ్యాక బయల్దేరుతుంటే మేనల్లుడు ఆటో దాకా వచ్చి, నా చేతిలో ఒక నోటు పెట్టి, వాళ్ళమ్మలాగే వేళ్ళు మూశాడు, ఎంతో చెప్పలేదు. నాకు ఉక్రోషం పొంగుకొచ్చింది.

"ఏరా, ఆవిడ కోపం నీకు రాసిచ్చి పోయిందా?" అన్నాను.

"కోపమేటత్తా?" వాడు తెల్లబోయాడు. "సేతిలో ఏటి ఎట్టినా ఎంతో సెప్పొద్దని మాకు సిన్నప్పుడే సెప్పింది అమ్మ. అత్తకి సెప్పొద్దన్నాది, సెప్తే సిన్నబుచ్చుకుంటాదన్నాది. మా ఆడపడుచు కళ్ళున్నోళ్ళ కంటే బాగా నోట్లు పోలుస్తాదని వీధిలో అందరికీ సెప్పుకునీది. నాను ఓపాలి నీకు పదని సెప్పబోతే నెత్తి మీద మొట్టింది."

నేను నోరు విప్పకన్నాను. ఆవిడ విప్పలేదు, అంతే. నేను ఒక్కసారి, ఒకే ఒక్కసారి, చెప్పు వదినా అని ఉంటే చెప్పేది. ఆ మాట నేను అనాలని ఆవిడా, ఆవిడ తనంతట తను చెప్పాలని నేనూ, అన్నేళ్ళు చేతుల్లో చేతులు పెట్టుకుని ఊరుకున్నాం. ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. పిడికిట్లో నోటు నలిగి మెత్తగా ఉంది, గీతలేవీ చేతికి తగలడం లేదు.

"ఇదెంతరా?" అన్నాను.

"రెండొందలత్తా."

వినపడింది. అయినా ఇంకోసారి చెప్పమన్నాను.